చప్పిడి తిన్న గల్లీ

మొన్న సంతోష్‌నగర్‌లో మా సందు చివర ఒక దుకాణం షట్టర్ పడింది. దాని పక్కది పడింది. ఆ పక్కదీ పడింది. ఏమైందో ఎవరికీ తెలియదు. పాలకని వెళ్ళిన మా కోడలు ఉత్త చేతులతో ఉరికొచ్చింది. మనవరాలి ఫోన్‌లో ఎవడో మొగోడి గొంతు. పేరు చెప్పడు, ఊరు చెప్పడు, "అందరికి పంపుండ్రి, ఇండ్లలకెల్లి బయటికి రాకుండ్రి" అని ఊదరగొడుతున్నాడు. ఆఖరికి తేలింది ఏమిటంటే, రెండు బండ్లు గుద్దుకుని ఇద్దరు కొట్టుకున్నారట. అంతే. షట్టర్లు మళ్ళీ లేచాయి, పాలు దొరికాయి. నేను మాత్రం సాయంత్రం దాకా తలుపు గడియ తియ్యనియ్యలేదు.

"ఎందుకు నానమ్మా గంత భయపడ్తవ్?" అంది మనవరాలు.

"భయం గాదే, యాది."

"ఏం యాది?"

"రాస్కుంటే చెప్త. నాకు రాత రాదు గని నోరున్నది గద."

అందుకని చెబుతున్నాను.

మా ఇల్లు అప్పుడు యాకుత్‌పురా రైల్వే స్టేషన్ వెనక ఒక గల్లీలో ఉండేది. నాకు పాల పళ్ళు ఊడుతున్నాయి, అంతకు మించి వయసు లెక్క నాకు తెలియదు. గల్లీ ఎంత ఇరుకంటే, ఎదురింట్లో మిరపకాయలు వేయిస్తే మా ఇంట్లో తుమ్ములొచ్చేవి. పొద్దున్నే బొగ్గుల పొగ వాసన. మధ్యాహ్నం ఇంటింటా పోపు వాసన. పొద్దు వాలేటప్పుడు గల్లీ మొదట్లో, నేను ఖాలా అంటే పిన్ని అని పిలిచే ఆమె ఇంటి నుంచి లక్క కరిగే వాసన. అది తియ్యగా ఉండేది, కొంచెం మాడిన బెల్లంలాగా.

ఖాలా వాళ్ళాయన లక్క గాజులు చేసేవాడు. ఖాలా వాటి మీద చిన్న చిన్న అద్దాలు అతికించేది. ఆమె అటు తిరగగానే నేను మెత్తగా ఉన్న లక్కలో అద్దం బదులు చింతగింజ గుచ్చేదాన్ని. ఖాలా ఆ గాజును వెలుతురుకు పెట్టి చూసి, "అరె వా! ఇది ఏ నవాబు బిడ్డ కోసం చేసినవ్ బేటీ?" అని నా చెవి మెలిపెట్టేది. నొప్పి పుట్టేలా మాత్రం ఎప్పుడూ పెట్టలేదు.

మా గల్లీలో ముస్లింల ఇల్లు అదొక్కటే. వెనక గల్లీలో అందరూ వాళ్ళే, నడుమ మావాళ్ళది ఒక్క ఇల్లు. ఈ లెక్క ఎవరూ వేసుకునేవారు కాదు, వేసుకోవలసిన రోజులు వచ్చేదాకా.

మా ఇంట్లో బాపు, అమ్మ, అవ్వ, నేను. బాపుది స్టేషన్‌లో రైలు పట్టాలు మార్చే పని. అవ్వ అంటే బాపును కన్న తల్లి. బోనాలకు మా గల్లీ నుంచి ముందు లేచే బోనం ఆమెదే. చేతిలో వేపకొమ్మ పట్టుకుని నడుస్తుంటే పోలీసు కూడా పక్కకు జరిగేవాడు. నోరు పెద్దది. ఆ నోటికి సరిజోడు మా పక్కింటి అత్త. నల్లా దగ్గర ఎవరి బిందె ముందు అనే తగాదాతో ఇద్దరికీ మాటలు పోయాయి. మాటలు పోయాయంటే ఊరుకున్నారని కాదు. పేర్లు పెట్టకుండా గోడకు చెప్పేవారు.

"కొందరికి నిద్రల గూడ బిందెలే కనవడ్తయి" అని మా అవ్వ గోడతో అనేది.

"కొందరి బిందెకు కాళ్ళున్నయి, నడిచొచ్చి ముందట నిలవడ్తది" అని గోడ అవతలి నుంచి జవాబు వచ్చేది.

అటువంటి గల్లీ మాది.

పాతబస్తీలో హిందువులకూ ముస్లింలకూ కొట్లాటలై కర్ఫ్యూ పడిన రోజు బాపు డ్యూటీలో ఉన్నాడు. అక్కడే ఉండిపోయాడు. ఖాలా వాళ్ళాయన గాజుల పెట్టె పట్టుకుని వేరే ఊరి జాతరకు పోయాడు, ఆయనా అక్కడే చిక్కుకున్నాడు. ఆ ఇంట్లో మిగిలింది ఖాలా, ఆమె బిడ్డ. ఆ బిడ్డను నేను ఆపా, అంటే అక్కా, అనేదాన్ని. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నెలలు నిండాయి. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు.

పోలీసు జీపు మైకులో అరుచుకుంటూ పోయాక గల్లీలో కుక్కలు కూడా మొరగడం మానేశాయి. కిటికీ రెక్కల వెనక నుంచే కబుర్లు నడిచాయి. ఇటువాళ్ళు అటువాళ్ళ గురించి ఏం చెప్పుకున్నారో, అటువాళ్ళు ఇటువాళ్ళ గురించి అచ్చం అదే చెప్పుకున్నారని తర్వాత బాపు అనేవాడు. పాలలో ఏదో కలిపారని, నల్లా నీళ్ళు తాగొద్దని. అమ్మ నీళ్ళు ముందు తను తాగి, కాసేపు ఆగి, అప్పుడు నాకు పోసేది. ఆ కాసేపు ఆమె ముఖం చూస్తూ కూర్చోవడం నాకిప్పటికీ యాదికొస్తుంది.

ఖాలా ఇంటి తలుపు మీద రాళ్ళు పడ్డాయి. పగలే. వేసింది మా గల్లీవాళ్ళు కాదు, ముఖాలకు దస్తీలు కట్టుకున్న పోరగాళ్ళు, ఎక్కడి వాళ్ళో. కర్ఫ్యూ ఉన్నా సందులకు అడ్డం పడి తిరిగేవాళ్ళు.

మర్నాడు పొద్దున పాలకూ ఉప్పుకూ అని కాసేపు కర్ఫ్యూ వదిలారు. ఆడవాళ్ళందరూ గిన్నెలు పట్టుకుని ఒక్కసారిగా గల్లీలోకి వచ్చారు. ఆ తోపులాటలో అమ్మ తన చీర ఒకటి కొంగు కింద దాచుకుని ఖాలా ఇంటికి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె వెంట ముసుగేసుకున్న ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు. చీర కట్టు రాక ఆపాకు కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడుతున్నాయి. ఖాలా చంకలో ఒక మూట. ఖాలా ఇంటికి బయట తాళం.

లోపలికి రాగానే అవ్వ తలుపు గడియ పెట్టింది. "ఎవలన్న చూసిండ్రా?"

"అందరు పాల మీదనే ఉండె అత్తా. ఎవ్వలు చూల్లే."

"పక్కింటామె?"

అమ్మ పక్కింటి గోడ వైపు చూసింది.

"గామె చూస్తే అయిపాయె. నల్లా పగ ఇప్పుడు తీర్చుకుంటది" అంది అవ్వ.

ఖాలా నిలబడే ఉంది. "అమ్మా, మా వల్ల మీకు ఆఫత్ వస్తది. కర్ఫ్యూ మళ్ళ వదిలితే మేం ఎటన్న పోతం."

"ఎటు పోతవ్ బిడ్డా? గీ కడుపు మోసుకొని ఎటు పోతది పిల్ల? కూసో." అవ్వ నా వైపు తిరిగింది. "నువ్వు నోరు తెరిచినవంటే నీ నాలుక కోసి కాకికి ఏస్త. తెలిసిందా?"

తెలిసింది అన్నట్టు నోరు మూసుకునే తల ఊపాను.

మా ఇల్లంటే ముందొక గది, వెనక వంట. దాచడానికి చోటెక్కడ? ఆ పోరగాళ్ళు తాళం చూస్తే ఇల్లిల్లూ వెతుకుతారు. అవ్వ చాలాసేపు గోడలోని గూటి ముందు కూర్చుంది. ఆ గూట్లో అమ్మవారి పటం, దీపం. అక్కడి నుంచి లేచి కొడవలి పట్టుకుని వెళ్ళి, నల్లా దగ్గరి చెట్టు నుంచి వేప రెమ్మలు కోసుకొచ్చింది. గుమ్మానికి ఒక కట్ట కట్టింది. వాకిట్లో పసుపు నీళ్ళ చెంబు పెట్టింది. తన కొప్పు విప్పి జుట్టు విరబోసుకుంది.

మా వైపు ఇంట్లో ఎవరికైనా ఒళ్ళంతా పొక్కులొచ్చి జ్వరం వస్తే అమ్మవారు పోసింది అంటారు. రోగం అనరు. తల్లి ఇంటికి వచ్చింది అంటారు. గుమ్మానికి వేప కడితే బయటివాడు లోపల అడుగు పెట్టడు. ఎంత మొరటోడైనా సరే, తల్లి ఉన్న ఇంట్లోకి చొరబడడు.

ఆపాను చాప మీద పడుకోబెట్టి ముఖానికీ చేతులకూ పసుపు పూశారు. పొక్కులు పెట్టే పని నాది. చీపురు పుల్లతో కుంకుమ నీళ్ళు అద్ది చుక్కలు పెట్టాను. నాకది పెళ్ళికూతుర్ని చేసినట్టే ఉంది.

"ముక్కు మీద వద్దే, కితకిత అయితున్నది" అంది ఆపా, నవ్వు ఆపుకోలేక.

"కదలకు. కదిల్తే పొక్కు పెద్దగైతది."

"పెద్దగైతే ఏమైతది?"

"డాక్టర్ సూదేస్తడు."

ఆమె నవ్వితే కడుపు కదిలింది, కడుపులో పిల్ల తన్నింది. నేను చెయ్యి పెట్టి చూశాను. చాప చుట్టూ అంత భయం ఉన్నా ఆ తన్ను నాకు మస్తు సంబరంగా అనిపించింది.

అమ్మ సగం నవ్వుతూ, "ఉత్తుత్తిదే గద అత్తా, జుట్టు గూడ ఇప్పుకోవాల్నా?" అంది.

అవ్వ కళ్ళు ఎర్రబడ్డాయి. "తల్లితోని ఉత్తుత్తిది ఉంటదానే? పేరు పెట్టి పిలిచినం. పిలిచినంక వచ్చినట్టే. వచ్చినంక ఎట్ల జరగాల్నో గట్లనే జరగాలె."

గూటి వైపు తిరిగి గట్టిగానే చెప్పుకుంది. "తల్లీ, నీ పేరు వాడుకున్న. తప్పయితే నా కండ్లు తీస్కో. ఆ పిల్ల జోలికి పోకు."

ఖాలా తల మీద దుపట్టా సర్దుకుంది. "నేను గూడ దువా చేస్త అమ్మా" అంది మెల్లగా.

"చెయ్యి. నీ దేవునికి నువ్వు చెప్పు, నా తల్లికి నేను చెప్త. ఇద్దరు మాట్లాడుకుంటరు" అంది అవ్వ.

అప్పటి నుంచి మా ఇల్లు నిజంగానే అమ్మవారు ఉన్న ఇల్లయింది. తల దువ్వకూడదు. చెప్పులు గడప దాటకూడదు. ఇంట్లో పోపు వేయకూడదు. పోపు ఘాటు తల్లికి పడదు. పప్పులో ఉప్పు, అంతే. కూరలో ఉప్పు, అంతే. జొన్న రొట్టె, మజ్జిగ, చప్పిడి పప్పు. అవ్వ దీపం పెట్టే వేళకు దీపం పెట్టింది. ఖాలా నమాజు వేళకు వంటగది మూలలో బట్ట పరచుకుంది. బయట బూట్ల చప్పుడు వినిపించినా ఆ ఇద్దరూ తమ వేళ తప్పలేదు. నేనూ అమ్మా ఆ ఇద్దరి మధ్యన కూర్చుని ఊపిరి తీసుకునేవాళ్ళం.

పోరగాళ్ళు వచ్చారు. మొదటిసారి వచ్చినప్పుడు నేను తలుపు సందులోంచి చూశాను. ఖాలా ఇంటి తాళం లాగి చూసి, ఒక్కో ఇల్లూ దాటుతూ మా ముందుకు వచ్చారు. వేప రెమ్మలు చూసి ఆగారు. అరుగు మీద జుట్టు విరబోసుకుని కూర్చున్న మా అవ్వను చూశారు.

"ఎవలికి పోసింది అవ్వా?"

"మా ఆడివిల్లకు. కడుపుతోని ఉన్నది" అంది అవ్వ.

వాళ్ళలో ఒకడు కర్ర చంకలో పెట్టుకుని గుమ్మానికి దండం పెట్టాడు. "తల్లీ, సల్లగ చూడు" అన్నాడు. వెళ్ళిపోయారు. మనుషుల్ని కొట్టడానికి బయల్దేరినవాడు వేపాకుకు దండం పెట్టడం నాకు అప్పుడు వింతగా తోచలేదు. ఇప్పుడు తోస్తుంది.

గండం అక్కడితో గడిచిందనుకున్నాం. గడవలేదు.

చప్పిడి తిండి ఆపాకు సయించడం లేదు. ముద్ద నోట్లో పెట్టుకుని మింగలేక కూర్చునేది. ఖాలా చూసేది, ఏమీ అనేది కాదు. ఆమెకు మా ఆచారం సగమే తెలుసు. వేప తెలుసు, పసుపు తెలుసు. పోపు సంగతి తెలియదు. అవ్వ చెప్పలేదు. చెబితే, మా కోసం ఇల్లంతా చప్పిడి తింటున్నారని బాధపడుతుందని చెప్పలేదు. ఖాలా అడగలేదు. అడిగితే ఇంట్లో నూనె లేదన్న సంగతి బయటపడి వీళ్ళు సిగ్గుపడతారని అడగలేదు. ఆమె అనుకున్నది అదే: నూనె అయిపోయింది, ఇద్దరు మనుషులు వచ్చి పడితే ఈ పేదవాళ్ళు ఏం చేస్తారు, నోరు తెరిచి చెప్పలేకపోతున్నారు అని. మర్యాదకు పోయి ఒకరు చెప్పలేదు, మర్యాదకు పోయి ఇంకొకరు అడగలేదు.

మళ్ళీ కర్ఫ్యూ వదిలిన పూట అమ్మ పాలకూ కిరోసిన్‌కూ వరుసలో నిలబడడానికి వెళ్ళింది. అవ్వ అరుగు మీద కాపలా. నేను తలుపు సందుకు కన్ను ఆనించి ఉన్నాను. గల్లీ మొదట్లో దస్తీల పోరగాళ్ళు మళ్ళీ కనిపించారు. ఈసారి తొందరలో లేరు. ఖాలా ఇంటి మెట్టు మీద కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. ఎదురుగా ఇళ్ళలో వంటలు ఇంకా మొదలు కాలేదు, పాలకు పోయిన ఆడవాళ్ళు అప్పుడప్పుడే ఒక్కొక్కరు తిరిగి వస్తున్నారు. గల్లీ అంతా నిశ్శబ్దం.

వెనక నుంచి నా ముక్కుకు ఒక వాసన తగిలింది.

ముందు నెయ్యి. తర్వాత జీలకర్ర. ఆ తర్వాత దంచిన వెల్లుల్లి, ఎండు మిరపకాయ. నోట్లో నీళ్ళూరాయి. ఆ వెంటనే, తల్లి ఉన్న ఇంట్లో పోపు వేయకూడదన్నది యాదికొచ్చింది.

ఉరికి వెళ్ళి చూస్తే వంటగదిలో ఖాలా. మూట విప్పి ఉంది. బిడ్డ బాలింతరాలి పథ్యం కోసమని దాచిన నెయ్యి డబ్బా ఆ మూటలో తెచ్చుకుంది. అందులోంచి తీసి మా పప్పుకు పోపు పెట్టింది. నన్ను చూసి ముఖమంతా నవ్వు. "ఆ బేటీ, ఆజా. బగార్ ఏసిన. ఇయ్యాల కడుపు నిండ తిను. అమ్మకు చెప్పకు, వచ్చినంక ఖుష్ అయితది."

నేను చేతులు ఊపాను. ఆమె నా ముఖం చూసి నవ్వు మరిచిపోయింది. మూకుడు దించి మూత పెట్టింది. వాసనకు మూత ఏముంది? కిటికీలోంచి గల్లీలోకి వెళ్ళిపోయింది.

మళ్ళీ తలుపు సందు దగ్గరకు వచ్చాను. పోరగాళ్ళు లేచి నిలబడ్డారు. వాళ్ళలో పెద్దవాడు, ఆ రోజు దండం పెట్టినవాడు కాదు, ఇంకొకడు, ముక్కు ఎగబీల్చుకుంటూ నడుచుకుంటూ వచ్చాడు. మా అరుగు ముందు ఆగాడు.

"అవ్వా."

"ఏంది బిడ్డా."

"తల్లి వచ్చిన ఇంట్ల పోపు ఏస్తరా?"

అవ్వకు వాసన అప్పటికే తగిలింది. నాకు ఆమె వీపు మాత్రమే కనిపిస్తోంది. విరబోసిన తెల్ల జుట్టు కదలలేదు.

"అడిగేది నిన్నే. మా అమ్మ గూడ బోనం ఎత్తుతది. నాకు తెల్వదనుకున్నవా? తల్లి ఉన్న ఇంట్లకెల్లి నెయ్యి పోపు వాసన ఏంది? లోపట ఎవలున్నరు?"

"చెప్పిన గద. ఆడివిల్ల."

"చూస్త."

"చూస్తే తల్లి కోపం చేస్తది."

"తల్లి ఉంటే గద!"

వాడు అరుగు మీద కాలు పెట్టాడు. ఆపా వెనక చాప మీద దుప్పటి నోట్లో కుక్కుకుంది. ఖాలా ఆమె మీదికి వంగి పెదవులు కదుపుతోంది. గొంతు లేదు, పెదవులే. నాకు పరుగెత్తాలని ఉంది. ఎక్కడికి పరుగెత్తాలి? గడప అవతల వాడున్నాడు.

అవ్వ లేవలేదు. వాడికి అడ్డం చెయ్యి మాత్రం చాపింది. "చెప్పులిడువు" అంది. "చూస్తే చూడు గని, తల్లి ఉన్న ఇంటికి చెప్పులతోని పోతవా? మీ అమ్మ నేర్పలేదా?"

అదొక్కటే మిగిలింది ఆమె చేతిలో. వాడు ఒక్క క్షణం తటపటాయించి వంగాడు. ఒక చెప్పు విడిచాడు.

అప్పుడు పక్కింట్లో చుయ్యిమంది.

కాగిన నూనెలో తడి కరివేపాకు వేస్తే వచ్చే చప్పుడు. వెనకే ఆవాలు చిటపటలాడాయి. గోడ అవతలి నుంచి అత్త గొంతు లేచింది. ఈసారి గోడతో కాదు, గల్లీతో.

"పోపు నాది! మా ఇంట్ల తల్లి లేదు, తండ్రి లేడు, అడిగేటోడు లేడు. నా పప్పు నేను ఏసుకోవద్దా? పోపు ఏసుకునేతందుకు గూడ పర్మిట్ గావాల్నా?"

వాడు అటు తిరిగాడు. అంతలో ఎదురింట్లో చుయ్యిమంది. పాల గిన్నె ఇంకా గడప మీదే ఉంది, ఆమె ఎప్పుడు లోపలికి వెళ్ళిందో. దాని పక్కింట్లో. ఆ పైన నల్లా దగ్గరి ఇంట్లో. ఒకటి చల్లారకముందే ఇంకొకటి. ఎవరో కావాలనే మిరపకాయలు మాడ్చారు. ఆ ఘాటుకు గల్లీ గల్లీ దగ్గింది. దస్తీల కింద పోరగాళ్ళు దగ్గారు. తలుపు వెనక నేను నోటికి చేతులు అడ్డం పెట్టుకుని దగ్గాను. ఇప్పుడు ఏ వాసన ఏ ఇంటిదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

పక్కింటి అత్త గంటె చేత పట్టుకుని బయటికి వచ్చింది. కళ్ళ నిండా పొగ నీళ్ళు. మా అరుగు మీద ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా నిలబడ్డవాడిని కింది నుంచి పై దాకా చూసింది.

"ఏం పిలగా, ఒక్కటే ఇడిసినవ్? రెండోది గూడ ఇడిసి మొక్కి పో. లేకుంటే మీ ఇంట్ల పోస్తది."

ఎదురింటి గడప మీద ఎవరో నిలబడ్డారు. దాని పక్క గడప మీద కూడా. అందరి చేతుల్లో గంటెలో, పట్టకారలో, ఉత్త చేతులో. వాడు రెండో చెప్పు కూడా విడిచాడు. పసుపు నీళ్ళ చెంబులో వేళ్ళు ముంచి కళ్ళకు అద్దుకున్నాడు. చెప్పులు చేతిలో పట్టుకుని వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళు దగ్గుతూ వాడి వెనకే పోయారు. వాళ్ళు మళ్ళీ మా గల్లీకి రాలేదు.

అవ్వ లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. ఖాలా ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది. పోపు సంగతి అవ్వ చెప్పేసరికి రెండు చేతులతో తల పట్టుకుంది.

"నాకు తెల్వదమ్మా... నూనె లేదనుకున్న... యా అల్లా, నా చేతులతోని నేనే..."

"ఊకో బిడ్డా. నేను చెప్పాలె, చెప్పలే. నువ్వు అడగాలె, అడగలే. ఇద్దరం మర్యాదస్తులం." అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ పప్పు పిల్లకు పెట్టు. కడుపుతోని ఉన్నది. తల్లికి నేను చెప్పుకుంట."

ఆపా తిన్నది. నాకూ పెట్టారు, అమ్మవారు చిన్నపిల్లలను క్షమిస్తుందని అవ్వ అన్నది. ఆ పప్పు రుచి చెప్పమంటే ఇప్పటికీ చెప్పగలను. అవ్వ మాత్రం మజ్జిగలో రొట్టె నానవేసుకున్నది. ఖాలా తన నెయ్యి పప్పు గిన్నెను పక్కకు నెట్టి, అవ్వ ముందున్న మజ్జిగ గిన్నెలోంచే తనూ వంచుకుంది.

పొద్దు వాలాక అవ్వ గోడ దగ్గరకు వెళ్ళింది. గొంతు సవరించుకుంది. గోడతో కాదు, మనిషితోనే మాట్లాడింది. "ఎప్పటి సంది ఎరుకనే నీకు?"

"మొదటి దినం సంది" అంది అత్త అవతల నుంచి. "పొద్దుగాల నీ కోడలు ఒక్కతే పోయి ముగ్గురై వచ్చె. నాకు కండ్లు లేవా? ఆ దినం సంది మీ ఇంట్ల రొట్టెలు కొట్టే చప్పుడు ఆగదాయె. ఎవలికి జేస్తున్నవ్ గన్ని రొట్టెలు, తల్లి రొట్టెలు తింటదా?"

"మిగిలినోళ్ళకు?"

"అందరికి ఎరుకే. నీకే ఎరుక లేదు, అందరికి ఎరుకని."

అవ్వ గోడ మీద చెయ్యి ఆనించింది. తర్వాత, "నల్లా కాడ రేపు నీ బిందె ముందు పెట్టు" అంది.

"నువ్వు చెప్తే పెట్టాల్నా?" అంది అత్త.

కర్ఫ్యూ ఎత్తేశాక ఖాలా వాళ్ళాయన గాజుల పెట్టె లేకుండా వచ్చాడు. బాపు గడ్డం పెరిగి వచ్చాడు. ఆపాను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. కొడుకు పుట్టాడు. వెళ్ళే ముందు అవ్వ ఆమెకు వేపాకు నీళ్ళతో తలంటి, పెరుగన్నం నైవేద్యం పెట్టి, అమ్మవారిని ఎట్లా సాగనంపాలో అట్లాగే సాగనంపింది. ఖాలా దుపట్టా తల మీద కప్పుకుని, ఒక పక్కన నిలబడి తన దువా తను చదువుకుంది. నల్లా దగ్గర మా అవ్వకూ అత్తకూ లొల్లి కూడా మళ్ళీ మొదలైంది. ఎవరూ మారిపోలేదు.

ఇప్పుడు ఆ గల్లీలో మావాళ్ళెవరూ లేరు. అవ్వ పోయింది, అత్త పోయింది, ఖాలా పోయింది. నా పెనిమిటి పోయిన రోజున నేను ఎట్లా నిలబడ్డానని చుట్టాలు అడిగారు. ఏం చెప్పను? నిలబడడం నేను బడిలో నేర్చుకోలేదు. భయమేసినప్పుడు దీపం వేళకు దీపం పెట్టడం, పక్క గోడ అవతల మనిషి ఉందని నమ్మడం, ఇవి రెండే నాకు తెలుసు. ఆ రెండూ ఆ గల్లీలో, ఆ పోపుల పూట తర్వాతి రోజుల్లోనే నాకు పట్టుబడ్డాయి.

ఆ రోజులెట్లా ఉన్నాయంటే, కర్ఫ్యూ ఇంకా ఉంది. దుకాణాల్లో సరుకు లేదు. మర్నాడు మధ్యాహ్నం వంటల వేళ అయింది. అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. పొయ్యిల పొగ లేచింది, పప్పు ఉడికే వాసన వచ్చింది. చుయ్యిమనే చప్పుడు మాత్రం రాలేదు. పక్కింట్లో రాలేదు. ఎదురింట్లో రాలేదు. నల్లా దగ్గరి ఇంట్లోనూ రాలేదు. ఎవరి దగ్గరా నూనె లేదు. ఇంట్లో ఉన్న అడుగూ బొడుగూ అందరూ ఆ ఒక్క పూట మూకుళ్ళలో పోసేశారు. ఆ రోజు రాలేదు, ఆ మర్నాడు రాలేదు, కర్ఫ్యూ ఎత్తి దుకాణం తెరిచేదాకా గల్లీలో ఒక్క ఇంట్లోనూ పోపు లేదు. పెద్దలూ పిల్లలూ ఉప్పు పప్పే తిన్నారు. తిండి బాగాలేదని ఏ ఇంట్లోనూ ఎవరూ గొణగలేదు.

అవ్వ చెవి పెట్టి వింటూ వింటూ అమ్మను పిలిచింది.

"ఉత్తుత్తిదే అన్నవ్ గదనే నువ్వు?"

"అన్న అత్తా."

"చూడు మరి. గల్లీ మొదటి సంది కొస దాక చప్పిడే తింటున్నది. ఒక్క ఇంట్ల పోపు లేదు. నేను అబద్ధం పిలిచిన గని, తల్లి నిజంగనే వచ్చింది."

అమ్మ నవ్వలేదు. గుమ్మం ముందు చెంబులో పసుపు నీళ్ళు అయిపోతే, లేచి వెళ్ళి నింపుకొచ్చింది.